ఆ ఇంటికీ ఒక పేరుంది



వేసవి సెలవులు సమీపించగానే బ్రిటన్‌లోని మన కుటుంబాలు కొన్ని వేల్స్ కొండలవైపు చూస్తాయి. ఉత్తర వేల్స్‌లోని ఎరరి జాతీయోద్యానం 1951లో ఏర్పడింది. వేల్స్‌లోకెల్లా ఎత్తైన శిఖరం అర్ విద్వా అక్కడే ఉంది. దాని ఎత్తు 1,085 మీటర్లు. ఆంగ్లంలో వీటినే స్నోడోనియా, స్నోడన్ అంటారు. ఆ కొండల నడుమ రాతిగోడలు, పలకరాతి కప్పు గల ఇంటిని వారం రోజులకు అద్దెకు తీసుకొని, తాతయ్య, అమ్మమ్మలతో సహా అందరూ ఒకేచోట గడపడం ఎంతో ఆనందదాయకం.

అటువంటి ఇంటిని ఎంచుకొనేటప్పుడు పెద్దలు కొన్ని ప్రశ్నలు వేస్తారు. పసిపిల్లలు జారిపడకుండా మెట్లకు చిన్న గేటు ఉన్నదా? నిప్పుగూటికి అడ్డుకంచె ఉన్నదా? పెరటి పక్కన వాగు పారుతుంటే దానికి దడి కట్టారా? తడిసిన బూట్లను ఆరబెట్టే చోటున్నదా? ఇవన్నీ అడగవలసినవే. వీటికి తోడు మరి రెండు ప్రశ్నలు మీరు అడగాలని నా అభిప్రాయం. ఈ ఇంటి పేరుకు అర్థమేమిటి? ఇది ఇదివరకు ఎవరికి ఉపయోగపడేది?

మొదటి ప్రశ్న చూద్దాం. మనకు ఇంటిపేరు అంటే వంశానికి ఉండే పేరు. వేల్స్ పల్లెలలో ఇంటిపేరు నిజంగా ఇంటికే ఉంటుంది. ‘హవోద్’ అన్న పేరు అక్కడ తరచుగా కనిపిస్తుంది. పూర్వం రైతులు వేసవిలో పశువులను కొండమీది పచ్చికబయళ్లకు తోలుకొనిపోయి, అక్కడ కాపురముండే ఇల్లు హవోద్. చలికాలానికి దిగివచ్చే లోయలోని పాత ఇల్లు ‘హెన్‌డ్రె’. వేసవికి కొండ ఎక్కే అలవాటు ఎంత పాతదో ఆ ఒక్క పేరే మీకు చెబుతుంది. అలాగే ‘బ్రిన్’ అంటే గుట్ట, ‘పోంట్’ అంటే వంతెన, ‘హ్లిన్’ అంటే సరస్సు. ఈ చివరి మాటలోని మొదటి ధ్వనికి మన లిపిలో అక్షరం లేదు. నాలుకను ‘ల’ పలికే చోట ఉంచి గాలి ఊదితే అది వస్తుంది. మన ఊళ్ల పేర్లలో కొండ, కుంట, చెరువు ఉన్నట్లే వారి పేర్లలోనూ నేల రూపమే దాగి ఉన్నది.

ఇల్లు కొన్నవారు ఇటువంటి పేరును తీసివేసి, పలకడానికి సులువని ఆంగ్లపు పేరు పెట్టడం అక్కడ కద్దు. మీ పేరు కష్టంగా ఉన్నదని ఎవరైనా సగానికి కత్తిరించి పిలిస్తే మనసుకు ఎలా ఉంటుందో మీలో కొందరికి తెలుసు. 19వ శతాబ్దంలో వేల్స్‌లోని కొన్ని బడులలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా చెక్కముక్క వేలాడదీసేవారు. అంతటి అవమానాన్ని దాటి నిలిచిన భాష అది. 2022లో జాతీయోద్యాన అధికారులు ఎరరి, అర్ విద్వా అన్న పేర్లనే వాడాలని నిర్ణయించారు. అధికారులు పాటించే మర్యాదను అతిథులమైన మనమూ పాటించవద్దా?

రెండవ ప్రశ్న మరింత ముఖ్యమైనది. రైతు తన పాత గొడ్లచావిడిని బాగుచేసి అతిథులకిస్తే ఎవరి ఇల్లూ పోదు. పైగా ఆ కుటుంబానికి ఆదాయం. కాని ఒక కుటుంబం కాపురమున్న ఇల్లే సెలవుల ఇల్లుగా మారితే, పల్లెలో ఒక ఇల్లు తగ్గినట్లే. అలా ఇళ్లు తగ్గిన కొద్దీ వెలలు పెరుగుతాయి. ఊరి యువతీయువకులు వలసపోతారు. బడిలో పిల్లలు తగ్గుతారు. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్‌లో 100 మందిలో దాదాపు 18 మందికే వెల్ష్ వచ్చు. ఎరరిలో ఎక్కువ భాగం ఉన్న గ్వినెద్ ప్రాంతంలో దాదాపు 64 మందికి వచ్చు. అటువంటి ఊళ్లు ఖాళీ అయితే ఆ భాషకు నీడ ఎక్కడ? ఈ కారణంగానే 2023 ఏప్రిల్ నుంచి అక్కడి స్థానిక మండళ్లకు రెండవ ఇళ్లపై కౌన్సిల్ పన్నును 300 శాతం వరకు అదనంగా విధించే అధికారం లభించింది.

“అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు కదా, వెల్ష్ మనకెందుకు?” అని మీరు అడగవచ్చు. నిజమే. ఇంగ్లీషుతోనే ఈ దేశంలో బతకవచ్చు. అయినా మీరు సెలవురోజున వచ్చి తెలుగు నేర్చుకుంటున్నారు. ఆ శ్రమ విలువ తెలిసినవారు మరొకరి భాషను చిన్నచూపు చూడలేరు. “అతిథులు రాకపోతే పల్లెకు ఆదాయమేది?” అన్నది మరొక ప్రశ్న. అదీ సబబైనదే. అందుకే వెళ్లవద్దని నేను చెప్పడం లేదు. చూసి ఎంచుకొని వెళ్లమంటున్నాను.

కనుక ఈసారి మీ ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడు, యజమాని దగ్గరలోనే నివసించే ఇంటిని, లేదా కొట్టమో చావిడో మార్చి కట్టిన ఇంటిని వెతకమని అమ్మానాన్నలను అడగండి. పాలు, రొట్టె ఊరి దుకాణంలో కొనండి. తెరిచిన పొలం గేటును మళ్లీ మూయండి. ఉదయం ఎదురైనవారికి ‘బోరె దా’ అని శుభోదయం చెప్పండి. వీడ్కోలువేళ ‘దియోల్ఖ్’ అని కృతజ్ఞత తెలపండి. మీ ఉచ్చారణ తడబడినా ఫరవాలేదు. మన భాషలో ఒక పరాయివాడు “నమస్కారం” అంటే మనమెంత సంతోషిస్తామో, వారూ అంతే సంతోషిస్తారు.