ఇద్దరు యువకులు – ఒక పాఠం

రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఫ్రాన్సు దేశపు ప్రాచీన ప్రభువంశంలో పుట్టిన రొబేర్ ద లా రొష్‌ఫుకో (1923–2012) అనే యువకుడు జర్మనుల ఆక్రమణను సహించలేక, స్పెయిను మీదుగా ఇంగ్లండు చేరి, రహస్య యుద్ధశిక్షణ పొంది, విమానం నుండి స్వదేశంలో దిగి పోరాడాడు. పట్టుబడి, తప్పించుకొని, మళ్ళీ పోరాడాడు. ఈ కథ చెప్పితే తరగతి అంతా ఱెప్పవేయక వింటుంది. వినవలసినదే. కాని అదే యుద్ధకాలంలో మన రాయలసీమలోని ఒక సంపన్నగృహం నుండి ప్రభుత్వాన్ని ఎదిరించి నిలిచిన యువకుని సంగతి మన విద్యార్థులలో ఎందరెరుగుదురు?

తరిమెల నాగిరెడ్డిగారు 1917లో అనంతపురం జిల్లా తరిమెలలో భూస్వామి కుటుంబంలో జన్మించారు. మదనపల్లె చెంతనున్న ఋషివ్యాలీ పాఠశాలలోను, మద్రాసు లయోలా కళాశాలలోను, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను చదివారు. ఆ చదువుకు, ఆ ఆస్తికి సుఖజీవనం కరువా? 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో మన నాయకులను సంప్రదించకయే భారతదేశాన్ని యుద్ధంలోకి దింపాడు. ఆ యుద్ధం ఆర్థికంగా తెచ్చే ఫలితాలను గురించి నాగిరెడ్డిగారు 1940లో ఒక పుస్తకం రాశారు. అందుకు లభించిన బహుమానం కారాగారం.

ఇందులోని విపరీతాన్ని గమనించాలి. ఫ్రెంచి యువకునికి ఆయుధమిచ్చి పంపిన బ్రిటిషు ప్రభుత్వమే, కలం పట్టిన తెలుగు యువకునికి సంకెల వేసింది. పొరుగుదేశపు స్వేచ్ఛ ధర్మమైనది, తాము పాలించే దేశపు స్వేచ్ఛ నేరమైనది!

నాగిరెడ్డిగారి రాజకీయాలు అందరికీ సమ్మతం కానక్కరలేదు. 1941లో జర్మనీ సోవియట్ దేశంపై దండెత్తిన పిమ్మట కమ్యూనిస్టు పార్టీ యుద్ధాన్ని సమర్థించింది. ఆ మాటనూ దాచక చెప్పాలి. వాదించుకొనేందుకు వీలున్న జీవితమే మంచి పాఠం. ఆయన త్యాగనిరతి మాత్రం వివాదానికి అతీతం. 1952లో జైలులో ఉండియే, తన సోదరి భర్త నీలం సంజీవరెడ్డిగారిపై గెలిచి మద్రాసు శాసనసభకు ఎన్నికైన ఆయన, 1969లో శాసనసభ్యత్వాన్ని తనంత తానే వదలుకొన్నారు. 1976లో అజ్ఞాతవాసంలోనే కన్నుమూశారు.

నేడు తిరుపతి కళాశాలలకు వచ్చే సీమ బిడ్డల చెవులలో చదువంటే కొలువు అనే మాటే మారుమ్రోగుతున్నది. పేదయింటి బిడ్డ కొలువు కోరడం తప్పు కాదు. ఐతే కలిగినవాని చదువు ఎవరికి ఋణపడి ఉన్నదన్న ప్రశ్న కూడ తరగతిలో వినబడవద్దా? ఉపాధ్యాయులు ఈ ఇద్దరి కథలనూ ప్రక్కప్రక్కన ఉంచి చెప్పి, ఆ ప్రశ్న అడగాలి. సమాధానం విద్యార్థులకే విడిచిపెట్టాలి.