గర్భిణీని అడగవలసిన ఒక ప్రశ్న



తొలి కాన్పుకు పుట్టింటికి రావడం మన ఆచారం. భర్త పూణేలోనో, ముంబైలోనో పని చేస్తుంటే అమ్మాయి అక్కడే కాపురముండి, సీమంతం అయ్యాక ఏడో నెలలో ఇక్కడికి వస్తుంది. అప్పటి నుండి మా ఆసుపత్రికి చెకప్‌కు వస్తుంది. మేము బరువు చూస్తాము, బి.పి. చూస్తాము, రక్తం ఎంత ఉందో, షుగర్ ఉందో లేదో చూస్తాము. కానీ మొదటి మూడు నెలలు నీవు ఎక్కడ ఉన్నావమ్మా అని చాలాకాలం మేము అడగలేదు. మా కార్డులో ఆ గడి లేదు.

ఆ గడి ఎందుకు అవసరమో ఒక అమ్మాయి వల్ల తెలిసింది. పూణే నుండి వచ్చింది. మూడో నెలలో మూడు రోజులు కొద్దిపాటి జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, కళ్లు ఎర్రబడడం జరిగాయట. మందుల షాపులో బిళ్లలు తెచ్చుకుని వేసుకుంది. వెంట వచ్చిన అత్తగారు, "అదేమీ లేదు సిస్టరుగారూ, వేడి చేసింది" అన్నారు. మేము అడిగితే చెప్పిన సంగతి కాదిది. మంచం మీద కూర్చుని ఏదో మాట్లాడుతూ తానే చెప్పింది. అప్పటికి ఏడు నెలలు నిండాయి.

అది జీకా అని మేము అనము. కాదని కూడా చెప్పలేకపోయాము. జీకా వైరస్ సాధారణంగా రక్తంలో ఒక వారం, మూత్రంలో సుమారు రెండు వారాలు మాత్రమే దొరుకుతుంది. కరోనా రోజుల్లో అందరూ విన్న ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్షే దీనికీ చేస్తారు. నాలుగు నెలలు గడిచాక ఆ పరీక్ష చేసి లాభం తక్కువ. యాంటీబాడీ పరీక్ష ఉన్నది గాని, డెంగ్యూ వచ్చిపోయినవారిలో అది తప్పుదారి పట్టించవచ్చు. మన ప్రాంతంలో డెంగ్యూ రాని వీధి ఏది?

జీకా మన దేశానికి కొత్త కాదు. 2018లో జైపూర్‌లో 150కి పైగా కేసులు వచ్చాయి. 2021 జూలైలో కేరళలో మొదట బయటపడిన కేసు నెలలు నిండిన గర్భిణీదే. 2024లో పూణేలో పదుల సంఖ్యలో గర్భిణీలకు సోకింది. ఆ ఏడాది జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలన్నిటికీ సూచనలు పంపి, గర్భిణీలను పరీక్షించాలని, జీకా ఉన్న తల్లుల కడుపులోని బిడ్డ ఎదుగుదలను గమనించాలని చెప్పింది. ఆసుపత్రి ఆవరణలో దోమలు లేకుండా చూసేందుకు ఒక అధికారిని పెట్టాలని కూడా అందులో ఉంది. దీన్ని చదివి మా నర్సుల క్వార్టర్లు వెదికితే మనీప్లాంటు సీసాలోనే పురుగులు కనిపించాయి! ఊరికి చెప్పే మేమే ఇలా ఉన్నాము.

ఇది పగలు కుట్టే ఏడిస్ దోమ వల్ల వచ్చే జబ్బు. సోకినవారిలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. మరి గర్భిణీలందరికీ పరీక్ష చేయించమని కొందరు అడుగుతున్నారు. మేము దానికి ఒప్పుకోము. కేసులు లేని చోట అందరికీ పరీక్ష చేస్తే తేలే నిజం కంటే పుట్టే భయం ఎక్కువ. జ్వరంతో పాటు దద్దుర్లు గాని, ఎర్ర కళ్లు గాని, కీళ్ల నొప్పులు గాని ఉన్న గర్భిణీకి, కేసులున్న ఊరి నుండి వచ్చిన గర్భిణీకి మాత్రం ఆలస్యం చేయకుండా పరీక్ష జరగాలి. అందుకు అడగడం ముఖ్యం. అడగడానికి ఖర్చు లేదు.

భర్తను కూడా అడగాలి. ఈ మాట చెప్పడానికి మన కుటుంబాలలో బిడియపడతారు, మేమూ బిడియపడ్డాము. జీకా భార్యాభర్తల కలయిక ద్వారా కూడా సోకుతుంది. జబ్బు ఉన్న ప్రాంతం నుండి వచ్చిన భర్త, భార్య గర్భవతి అయితే కాన్పు అయ్యేవరకు నిరోధ్ వాడాలి, లేదా దూరంగా ఉండాలి. పిల్లల కోసం చూస్తున్నవారైతే మగవారు 3 నెలలు, ఆడవారు 2 నెలలు ఆగాలి. కోడలికి ఏమైనా వస్తే కోడలినే తప్పుపట్టే అత్తమామలు ఈ పేరా రెండుసార్లు చదవాలని మా మనవి.

పాజిటివ్ వస్తే ఏమి చేయాలి? దీనికి ప్రత్యేకమైన మందు లేదు, టీకా లేదు. విశ్రాంతి, నీళ్లు, జ్వరానికి పారాసిటమాల్. డెంగ్యూ కాదని తేలేవరకు ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటివి వేసుకోకూడదు. మూడు నాలుగు వారాలకొకసారి స్కానింగు చేయించి బిడ్డ తల పెరుగుదల చూడాలి. పాజిటివ్ అనగానే బిడ్డ చెడిపోయిందని అనుకుని తొందరపడి నిర్ణయాలు తీసుకునేవారున్నారు. గర్భంలో జీకా సోకిన తల్లులకు పుట్టిన నూరుమంది బిడ్డలలో 5 నుండి 15 మందికి మాత్రమే ఇబ్బందులు కనిపిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది చిన్న సంఖ్య అని మేము అనము. కానీ మిగిలినవారి సంగతి కూడా ఆ తల్లికి తెలియాలి కదా.

ఆ అమ్మాయికి నెలలు నిండాక పాప పుట్టింది. టేపుతో తల చుట్టూ కొలిస్తే 34 సెంటీమీటర్లు వచ్చింది. నిండు నెలల ఆడబిడ్డకు 31.5, మగబిడ్డకు 31.9 కంటే తక్కువైతే ఆలోచించవలసి ఉంటుంది. అత్తగారు ఆ టేపును మళ్లీ ఒకసారి పెట్టమన్నారు, పెట్టాము. తల బాగున్నా చూపు, వినికిడి లోపాలు తరువాత బయటపడవచ్చు గనుక పాపను పరీక్షలకు తీసుకురమ్మని చెప్పాము, తెస్తున్నారు.

మా కార్డులో ఇప్పుడు ఆ గడి ఉంది. పుట్టింటికి వచ్చే అమ్మాయిలు అక్కడి చెకప్ కాగితాలు, స్కానింగు రిపోర్టులు, వేసుకున్న మందుల చీటీలు సంచిలో పెట్టుకుని రండి.