రైట్ రైట్

అరువది యేండ్లకు రెండేండ్ల దూరమున నున్న మనుష్యుడొకడు, తెల్లవారుజామున అయిదున్నర గంటలకు, అచ్చంపేటలో ఒక ఎరువుల దుకాణము మీది అంతస్తున, ఎవరెవరి చెమటయో ఇంకిన రబ్బరు చాపపై బోరగిలబడి, తన ముక్కు కొసనుండి రాలుచున్న చుక్కలను తానే లెక్కించుకొనుచుండెనన్నచో, వైద్యుడు బెదరించి యుండుననియో, ఇంటివారు తరిమి యుందురనియో పాఠకులు తలంపవచ్చును. రెండును కావు. నన్నక్కడికి కొనిపోయినది స్నేహము. మరింత నిజము చెప్పవలెనన్న, స్నేహమునకు తోడుగా వచ్చిన సగము ధర.

నా మిత్రుడు ఆర్టీసీలో ముప్పది యేండ్లు కండక్టరుగా పనిచేసి రిటైరైనవాడు. శ్రీశైలము ఘాటురోడ్డు మలుపులలో, ఊపిరాడని నిండు బస్సులో, ఏ కడ్డీని పట్టుకొనకయే టికెట్టు చింపి చిల్లర లెక్కపెట్టగలిగిన ఆ కాళ్లకు రెండేండ్లుగా పని లేదు. రక్తములో చక్కెర మాత్రము పనిలో చేరినది. కసరత్తు తరగతిలో ఇద్దరు కలిసి చేరినచో రెండవవాని ఫీజు సగమే యను కరపత్రమొకటి వాని చేత పడినది. "నడువ్ రా, నెల దినాలే గద. నువ్వొస్తె సగం తక్కువైతది" అనెను. తక్కువైనది వాని సగమా, నా సగమా యన్నది నాకిప్పటికిని తేలలేదు.

ఆ తరగతిని అక్కడివారు 'హిట్' అందురు. మన భాషలో హిట్టనగా నూరు దినములాడిన సినిమా; ఇక్కడ హిట్టనగా నాలుగు నిమిషములాడుటకే ప్రాణము కడబట్టునట్టి కసరత్తు. గోడమీద ఎర్రని అంకెల గడియారమొకటి కలదు. అది ఇరువది సెకండ్లు చూపునంతసేపు ఉన్న శక్తినంతయు ఒడ్డి గెంతవలెను. పది సెకండ్లు చూపునపుడు ఆగవలెను. మరల ఇరువది, మరల పది, ఇట్లెనిమిది మారులు. ఈ లెక్కకు లోకమున పేరు తెచ్చినవాడు జపాను శాస్త్రజ్ఞుడు ఇజుమి తబాటా. మంచుపై జారి పరుగిడు ఆ దేశపు పందెగాండ్రకు వారి శిక్షకుడు చేయించుచుండిన అభ్యాసమును పరీక్షింపబూని, వారమునకైదు దినముల చొప్పున ఆరు వారములు కొందరి చేత సైకిలుయంత్రము తొక్కించి, వారి ఊపిరి సత్తువయు, ఊపిరి చాలనప్పుడు కండరము చూపు సత్తువయు రెండును పెరిగినవనియు, రెండవది నూటికి 28 వంతులు హెచ్చినదనియు అతడును అతని తోడివారును 1996లో ప్రకటించిరి. బాగున్నది. కాని ఆ తొక్కినవారెవరు? వ్యాయామవిద్య చదువుకొనుచుండిన పడుచువాండ్రు. మోకాలి గుజ్జరిగిన కండక్టరును, సుద్దముక్క తప్ప బరువెత్తి యెరుగని ఉపాధ్యాయుడును ఆ పట్టికలో లేరు. మేము చేరిననాడు మా ముందుంచిన కాగితము మా పేరడిగినది, ఫోను నంబరడిగినది, డబ్బు ఏ విధమున కట్టుదుమో అడిగినది. బీపీ ఉన్నదా యని మాత్రము అడుగలేదు. ఫీజు కట్టించుకొనువారికి గుండె చప్పుడు వినిపింపదు కాబోలు. అడిగినను వినబడునది కాదు. ఆ గదిలో మ్రోగుచున్న పాట యే భాషదో చెవికి తెలియకున్నను పక్కటెముకలకు తెలియుచుండెను.

ఇరువది మూడేండ్ల శిక్షకుడు మంచి కుర్రవాడే. వానిపై నాకు కోపము లేదు, ఒక్క గంటలో నన్ను పదునేడు మారులు 'అంకుల్' అనుట తప్ప. "లాస్ట్ వన్ అంకుల్" అనిన పిదప మరి మూడు వచ్చినవి. ఒక మూలన లారీ సరుకు బిగించు మోకంత లావుగల తాళ్లు రెండు పడియుండెను. వాని కొసలు పట్టి నేలకేసి కొట్టవలెనట. కొట్టితిమి. పాము చావలేదు, ఎద్దు కదలలేదు, బావిలోనుండి బొక్కెన రాలేదు. పిమ్మట బర్పీ యను ప్రక్రియ వచ్చినది: నిలిచినవాడు గొంతుకూర్చుండి, కాళ్లు వెనుకకు చాచి, నేలబారుగా పండుకొని, లేచి, ఎగురవలెను. బర్పీ యన్నది దీనిని కల్పించిన అమెరికా శరీరశాస్త్రజ్ఞుని పేరు. 1930ల నాటి ఆ పెద్దమనిషి మనిషి దార్ఢ్యమును కొలుచుటకై దీనిని నాలుగు మారులు మాత్రమే చేయించి నాడి చూచెడివాడు. మా చేత నాలుగు నిమిషములు చేయించిరి. నాడి యెవరును చూడలేదు. నా మిత్రుడు మూడవ మారు నేలకంటుకొని, తల ప్రక్కకు త్రిప్పి, "ఇది సాష్టాంగమే గదరా, మరి దేవుడేడి? ఇదే ఉమామహేశ్వరంల జేస్తె పుణ్యమన్న దక్కు" అని రొప్పెను.

అయిదవ ఆవృత్తిలో నేను మానుకొనుటకు నిశ్చయించితిని. కారణములన్నియు సిద్ధముగా నుండెను: వయస్సు, నడుము, ఇంటి వద్ద చల్లారుచున్న చాయ. గోడమీది అంకె పదినుండి దిగుచున్నది. మూడు, రెండు, ఒకటి. అంతట నా ప్రక్కనుండి, ముప్పది యేండ్ల అలవాటుచే తనంతట తానే వెలువడినట్లు, "రైట్ రైట్" అని వినబడినది. కానిస్టేబులు పరీక్షకు తయారగుచున్న ఒక ఆడపిల్ల పకపక నవ్వినది. పాలు పోయు అబ్బాయి నవ్వినాడు. బస్సు కదలినట్లు గదియెల్ల కదలినది, నేనును కదలితిని. తరువాతి మూడు ఆవృత్తులకు శిక్షకుని ఈల అక్కరలేకపోయినది. పది సెకండ్లు ముగియగానే అందరును ఒక్క గొంతుకతో "రైట్ రైట్" అనిరి.

ఇంటికి వచ్చి, మెట్లెక్కలేక అరుగుపై కూలబడి, నేను యోచించినది దీనిని గూర్చియే. నన్ను లేపినది తబాటా కాదు, ఎర్ర అంకెలు కావు, ప్రక్కవాడు. ఆ గదిలో అమ్ముడువోవుచున్న సరకు కసరత్తు కాదు, తోడు. కసరత్తు ఇంటియందును చేయవచ్చును, ఎవడును చేయడు. పదునేడేండ్ల ప్రాయమున ఇదే మిత్రునితో చైత్ర పూర్ణిమకు సలేశ్వరము పోయితిని. పులులున్న అడవి గనుక ఏడాదికి ఆ కొన్ని దినములే అక్కడికి దారి తెరతురు. రాళ్లవెంట లోయలోనికి దిగి, గుహలోని లింగమయ్యను చూచి, ఎత్తునుండి పడు ఆ నీటిలో తల తడుపుకొని, మిట్టమధ్యాహ్నము మరల ఆ నిట్టనిలువు దారినెక్కి రావలెను. ఎక్కునపుడు మా ముందు చంకన పిల్లనెత్తుకొన్న తల్లి ఒకతె యుండెను. వెనుక కర్రపట్టిన ముసలివాడొకడు. ముందటివారు లింగమయ్యను పిలిచిన వెనుకటివారు పలుకుచుండిరి. ఆ పిలుపు వరుస వెంబడి క్రిందికి దిగి, లోయను తాకి, మరల పైకి వచ్చెడిది. పిక్కలు పగిలినవి, గొంతు ఎండినది, ఒక్కడును నడుమ కూలబడలేదు. ఏ సెకండుకాగవలెనో చెప్పు గడియారము లేదు; ముసలివాడు ఆగిన అందరము ఆగితిమి. ఫీజు అంతకంటెను లేదు.

ఇట్లు కలిసి కదలువారిని గుంపు అందుము. కాని ఆ మాటకు మా పాలమూరులో మరియొక అర్థమున్నది. దేశమునందలి ఆనకట్టలకు రాయి మోసి, కాలువలకు మట్టి తవ్విన గుంపులు మావి. వారి చెమటను మా తెల్లవారుజాము వేడుక చెమటతో తూచి ఒక చమత్కారము చెప్పుట సులభమే, నాకది నోరాడదు. కూలికి పోయినవాడు వలదనుకొని మానలేడు.

ఇక నా నిత్యరోగము వంటి ఫిర్యాదుకు వత్తును. ఈ శీర్షిక చదువువారికిది క్రొత్త కాదు. భారతదేశమున వయోజనులలో 2022 నాటికి నూటికి 49 మంది చాలినంత ఒళ్లు వంచుట లేదని, స్త్రీలలోనైతే 57 మందియని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో ప్రకటించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడుగునది వారమునకు 150 నిమిషముల మధ్యరకపు శ్రమ, లేదా 75 నిమిషముల తీవ్రశ్రమ మాత్రమే. అనగా నడక చాలును. ఎక్కడ నడువవలెను? శ్రీశైలము రోడ్డున లారీలు నడుచును. సోమరితనమని జనమును తిట్టు పెద్దలు, ఆ జనమునకు చిన్ననాట ఒళ్లు వంచుట నేర్పవలసిన డ్రిల్లు పీరియడు ఏమైనదో చెప్పరు. మాకు దినము చివరి గంట డ్రిల్లు. మా డ్రిల్లు సారు ఈల వేసిన, లేజిములు పట్టిన నూట యిరువది చేతులు ఒక్కసారిగా లేచెడివి. ఆ ఘల్లుమను శబ్దము బజారు దాక వినబడెడిది. ఇప్పుడు ఆ గంటను లెక్కల సారు మ్రింగినాడు, మిగిలినది ఇంగ్లీషు సారు నంజుకొనినాడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి బడికిని ఆటస్థలము ఉండవలెనని అనుబంధములో వ్రాసినది. 2022 జూన్ మొదలు మా తెలంగాణలో ఊరూర క్రీడా ప్రాంగణములు తెరచిరి. నేను చూచినవానిలో బోర్డు మాత్రము చెక్కుచెదరలేదు, దాని వెనుక తుమ్మచెట్లు మంచి వ్యాయామము చేసి ఏపుగా పెరిగినవి. మా పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1949 నాటి తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రలో తెలుగువారి ఆటలను ఒక్కొక్కటిగా ఏరి కూర్చిరి. నేడట్టి గ్రంథము వ్రాయబూనినవాడు ఆటల వద్దకు వచ్చి నెలసరి ఫీజుల పట్టికను అతికింపవలసియుండును.

నేను చదివిన బడి మైదానమునకు ఇప్పుడు ప్రహరీగోడ యున్నది, ఇనుప గేటున్నది, గేటుకు తాళమున్నది. పిల్లలు వెళ్లిన పిదప సాయంకాలమెల్ల అది ఖాళీగా పడియుండును; గోడ మీదినుండి చూచితిని. తాళపుచెవి ప్రధానోపాధ్యాయుని వద్ద నున్నదని కావలివాడనెను, కావలివాని వద్దనే యున్నదని ప్రధానోపాధ్యాయుడనెను.

మా నెలలో ఇంక పదునొకండు దినములు మిగిలియున్నవి. డబ్బు కట్టితిమి గనుక అవి పూర్తిచేయుదుము. అటుపిమ్మట వచ్చు సోమవారము సాయంకాలము అయిదు గంటలకు నేనును నా కండక్టరును ఆ గేటు ముందర నిలుచుందుము. అచ్చంపేటవారెవరైనను రావచ్చును, ఫీజు లేదు, అంకుల్ అని పిలుచువారు లేరు. తాళపుచెవి ఎవరి వద్ద నున్నదో వారును దయచేసి రావలెను.