యాగంటికి టేపు పట్టుకెళ్లనివ్వండి

సంపాదకులకు,

ఆలోచనలో దొర్లే పక్షపాతాల పేర్లు, నిర్వచనాలు తొమ్మిదో తరగతి పుస్తకంలో చేరిస్తే పిల్లలు మూఢనమ్మకాల నుంచి బయటపడతారని మీ వ్యాసకర్త రాశారు. పడరు. ఆ జాబితానూ బిట్ల కోసం బట్టీ పడతారు.

బ్రిటిష్ మనస్తత్వవేత్త పీటర్ వాసన్ 1960లో ప్రచురించిన ప్రయోగంలో 2, 4, 6 ఇచ్చి, వేరే సంఖ్యలు చెప్పి సరిచూసుకుంటూ వాటి వెనకున్న సూత్రం కనుక్కోమన్నాడు. చాలామంది తమ ఊహకు సరిపోయే సంఖ్యలే చెప్పుకుంటూ పోయారు. ఊహ తప్పేమోనని పరీక్షించినవాళ్లు తక్కువ. అసలు సూత్రం, సంఖ్యలు పెరుగుతూ పోవడం, అంతే.

మనమూ అంతే. మన నంద్యాల జిల్లాలో యాగంటి గుడిలోని రాతి నంది, బసవన్న, ఇరవై ఏళ్లకో అంగుళం పెరుగుతాడని అందరం చెప్పుకుంటాం. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు, పాత కొలత ఎవరి దగ్గరుంది అని అడిగే పిల్లలెందరు? ఆళ్లగడ్డలో ఇంతమంది శిల్పులున్నారు, రాయిని కొలవడం వాళ్లకు నిత్యకృత్యం. వాళ్లను బడికి పిలవండి. టేపు కాస్త పక్కకు జరిగితే ఎంత తేడా వస్తుందో చూపిస్తారు. భక్తికి దీంతో పేచీ లేదు. ఏం కనబడితే నా నమ్మకం తప్పని ఒప్పుకుంటానో కొలిచే ముందే ప్రతి పిల్లా, పిల్లవాడూ రాసిపెట్టుకోవాలి. టైంటేబుల్లో ఇందుకు ఒక గంట ఇవ్వండి.

— ఒక హైస్కూలు విద్యార్థిని తల్లి, ఆళ్లగడ్డ