అట్ట మారిస్తే పుస్తకం విలువ పోతుందా?

పోయిన నెల అమ్మావాళ్ళ ఇల్లు ఖాళీ చేశాం. అన్నయ్య ఆ స్థలం అపార్ట్‌మెంటు కట్టేవాళ్ళకి ఇచ్చాడు. అమ్మ ఇక అన్నయ్య దగ్గరే. ఇత్తడి సామాను, రుబ్బురోలు, ఉయ్యాల బల్ల ఎవరికేది అన్నది అరపూటలో తేలిపోయింది. వదినకీ నాకూ ఒక్క మాట పట్టింపు రాలేదు. తేలనిదల్లా అమ్మ మంచం కింద ఉన్న ట్రంకుపెట్టె. అందులో ఉన్నవి అమ్మ పుస్తకాలు.

మీలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు వారం వారం జాగ్రత్తగా తీసి, పురికొసతో కట్టి పెట్టి, కథ అయిపోయాక బైండు చేయించిన నవలలు. పన్నెండు నెలల చందమామలు కలిపి కుట్టించిన లావుపాటి పుస్తకం. పెళ్ళిళ్ళకి బహుమతిగా వచ్చిన నవలలు, అట్ట ఊడిపోతే మళ్ళీ బైండు చేయించినవి. అన్నిటికీ ఒకటే రంగు కేలికో గుడ్డ, ఒకటే రకం గళ్ళ కాగితం. లెక్కపెడితే అరవై దాకా వచ్చాయి.

సామాను సర్దడానికి మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. బెంగుళూరులో ఉద్యోగం. వాడికి మొదటి ముద్రణ పుస్తకాలు పోగుచేసే పిచ్చి. ఆదివారాలు పాత పుస్తకాల దుకాణాల వెంట తిరగడమే వాడి కాలక్షేపం. హైదరాబాదు వస్తే కోఠీ, విజయవాడ వెళ్తే లెనిన్ సెంటరు, చుట్టాల ఇంటికి వచ్చేది ఆ తర్వాతే. పెట్టె తెరవగానే వాడి కళ్ళు మెరిశాయి. ఒక నవల తీసి లోపలి పేజీ చూసి, "అత్తయ్యా, ఇది మొదటి ముద్రణ!" అన్నాడు. పుస్తకం మూసి అట్ట చూసి అంతలోనే నీరుగారిపోయాడు. "అయ్యో, రీబైండు చేయించేశారే! అట్ట బొమ్మ ఎక్కడ పారేశారు? ఇంక దీనికి ఏం విలువ ఉంటుంది?"

అమ్మ పడక్కుర్చీలో కూర్చుని అంతా వింటోంది. ఏమీ అనలేదు. నాకు మాత్రం చివుక్కుమంది. డెబ్భై ఏళ్ళ క్రితం నాటి ఇంటి ఖర్చుల్లోంచి అణా అణా మిగిల్చి బైండు చేయించుకున్న పుస్తకం గురించి, ఆవిడ ఎదురుగానే అలా అనొచ్చా? ఆ రాత్రి వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను, "అసలు అట్ట మారితే మీవాళ్ళకి ఎందుకురా అంత బాధ?" అని. వాడు చెప్పింది విన్నాక, వాడి మాటలో సగం నిజం ఉందని ఒప్పుకున్నాను. మిగతా సగం గురించే ఈ రాయడమంతా.

వాడి వాదన ఇదీ. మొదటి ముద్రణ సేకరించేవాళ్ళకి కావలసింది ఆ పుస్తకం మొదటిరోజు దుకాణంలోకి ఎలా వచ్చిందో అలా ఉండడం. అమెరికాలో 1925లో వచ్చిన 'ది గ్రేట్ గాట్స్‌బీ' నవలకి పైన తొడిగే కాగితపు అట్ట ఉంటే లక్షల డాలర్లు పలుకుతుందట. అదే మొదటి ముద్రణ, అవే అక్షరాలు, పైన ఆ కాగితం లేకపోతే కొన్ని వేలకి దిగిపోతుంది. పూర్తిగా కొత్త అట్ట వేయించేస్తే ఇంకా కిందికే. చార్లెస్ డికెన్స్ 'పిక్విక్ పేపర్స్' 1836, 37ల్లో మొదట నెలనెలా విడి భాగాలుగా వచ్చింది, మన సీరియల్స్ లాగే. అప్పటివాళ్ళు చాలామంది భాగాలన్నీ కలిపి బైండు చేయించుకున్నారు. ఇప్పుడు ఎక్కువ వెతుక్కునేది, బైండు చేయించకుండా ఆ పచ్చ కాగితపు అట్టలతోనే మిగిలిపోయిన విడి భాగాల కోసం.

"అంటే చదివి దాచుకున్నవాళ్ళకంటే, తెచ్చి పక్కన పడేసినవాళ్ళ పుస్తకానికే గిరాకీ అన్నమాట" అన్నాను. వాడు నవ్వేశాడు. కాదనలేదు.

ఇంకో సంగతి కూడా వాడే చెప్పాడు, అదీ నిజాయితీగానే. అన్ని పుస్తకాలకీ ఈ లెక్క వర్తించదట. ఇంగ్లండులో ప్రచురణకర్తలే గుడ్డ అట్టలు వేసి అమ్మడం 1820ల తర్వాత మొదలై పెరిగింది. అంతకుముందు పుస్తకాన్ని సాదా కాగితం అతికించిన అట్టముక్కలతో ఇచ్చేవాళ్ళు, కొన్నవాళ్ళు తమ తాహతుకి తగ్గట్టు తోలు బైండింగు చేయించుకునేవాళ్ళు. జేన్ ఆస్టెన్ రాసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1813లో మూడు సంపుటాలుగా, 18 షిల్లింగులకి వచ్చింది. ఇప్పుడు కనిపించే మొదటి ముద్రణల్లో కొన్నవాళ్ళు తోలుతో బైండు చేయించుకున్నవే ఎక్కువ. వాటిని ఎవరూ చిన్నచూపు చూడరు. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల సంపుటి ప్రతులు ఈనాడు రెండు వందల పైచిలుకు మిగిలాయి. వాటిలో చాలా వాటికి తర్వాతి కాలాల్లో మళ్ళీ వేసిన అట్టలే ఉన్నాయి. అయినా 2020లో ఒక ప్రతి వేలంలో దాదాపు కోటి డాలర్లకి పోయింది.

కాబట్టి "రీబైండు పుస్తకం సేకర్తలకి నచ్చుతుందా" అంటే, పుస్తకం ఏ కాలానిది, ఎంత అరుదైనది, బైండు ఎప్పుడు ఎలా జరిగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. గత నూరేళ్ళలో అచ్చయినవాటికి మాత్రం నచ్చదనే చెప్పాలి. వాళ్ళ లెక్కలో వాళ్ళు సరైనవాళ్ళే. నేను దెబ్బలాడేది "ఇంక దీనికి ఏం విలువ" అన్న మాటతో.

ముందు మన తప్పు మనం ఒప్పుకుందాం. బైండరు దగ్గరికి పంపేటప్పుడు మనం చాలా పోగొట్టుకున్నాం. 1947లో మొదలైన చందమామ ముఖచిత్రాలు, వడ్డాది పాపయ్యగారు వేసిన ఆ రంగుల బొమ్మలు, బైండరు "దేనికమ్మా" అని చింపి పక్కన పడేస్తుంటే "సరేలే" అన్నది మనమే. నవలల మీద బాపుగారి అట్టలదీ అదే గతి. అంచులు సమంగా రావాలని కటింగు మిషన్లో పెట్టించి పై వరస అక్షరాలు తెగ్గొట్టించుకున్నాం. అన్నిటికంటే పెద్ద నష్టం, మొదట్లో పేరున్న పేజీ, ముద్రణ వివరాల పేజీ నలిగాయని తీసేయించడం. ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం, ఏ ప్రెస్సు అన్న సంగతి ఆ ఒక్క కాగితమే చెప్పాలి. అది పోతే పుస్తకం తన పుట్టినరోజు మర్చిపోయినట్టే. ఇది కేవలం డబ్బు సంగతి కాదు. 'కన్యాశుల్కం' 1897లో వచ్చినదానికీ, గురజాడవారు తిరగరాసి 1909లో వేయించినదానికీ ఎంతో తేడా ఉంది. మన చేతిలో ఉన్నది ఏ ముద్రణో తెలియకపోతే, మనం ఏది చదువుతున్నామో కూడా తెలియదు.

కానీ అట్ట లేకపోయినా పేజీలన్నీ ఉంటే, ఆ పాఠం కోసం వెతికేవాళ్ళకి అది పూర్తి పుస్తకమే. ఇక సీరియల్ బైండుల సంగతి చూడండి. వాటికి పాడైపోయిన 'అసలు అట్ట' అంటూ ఏదీ లేదే! నవలగా అచ్చు కాకముందు పాఠకుల చేతికి అందిన మొదటి రూపం అది. పక్కన ఆనాటి బొమ్మలు, వెనకవైపు సబ్బుల ప్రకటనలు, సగం వంటల శీర్షిక. నవలగా రాకుండా పత్రికలోనే ఆగిపోయిన కథ ఉంటే, ఏ ఇల్లాలో దాచుకున్న బైండు తప్ప దానికి ఇల్లూ వాకిలీ ఉండదు. దాన్ని సేకర్తల మొదటి ముద్రణల లెక్కలో కొలవడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

ఇంతకీ ఆ నవల సంగతి.

మర్నాడు పొద్దున్న కాఫీలు తాగుతుంటే మావాడు మొహమాటంగా అన్నాడు, "అమ్మమ్మగారూ, ఆ నవలకి అసలు అట్ట నా స్నేహితుడి ప్రతికి ఉంది. కలర్ జిరాక్సు తీయించి, ఈ గుడ్డ అట్ట విప్పేసి, కొత్తగా వేయించి తెస్తాను. చూడ్డానికి బావుంటుంది." వాడి ఉద్దేశం మంచిదే, ముందురోజు అన్నదానికి దిద్దుబాటు. అమ్మ పుస్తకం ఇటివ్వమని చెయ్యి చాచింది. వెన్ను మీద వెలిసిపోయిన బంగారు రంగు అక్షరాలు చూపించి చదవమంది. మావాడు కళ్ళజోడు సర్దుకుని కూడబలుక్కున్నాడు. "వ్రతకథలు."

నేనూ అదే మొదటిసారి చూడడం. ఎన్నిసార్లు ఆ పుస్తకం చేత్తో పట్టుకున్నానో, వెన్ను మీద ఏముందో చదవలేదు.

మా నాయనమ్మకి ఆడవాళ్ళు నవలలు చదవడం గిట్టేది కాదుట. పైగా అట్ట మీద జడ ముందుకి వేసుకున్న అమ్మాయి బొమ్మ. అంతకుముందు ఒక నవల అలాంటి బొమ్మ వల్లే నీళ్ళపొయ్యిలోకి వెళ్ళింది. అందుకని నాన్నే దీన్ని బైండరు దగ్గరికి పట్టుకెళ్ళి, అట్ట తీయించి, గోధుమరంగు గుడ్డ వేయించి, వెన్ను మీద ఆ పేరు కొట్టించారు. మధ్యాహ్నం వంటిల్లు కడుక్కున్నాక అమ్మ వసారాలో కూర్చుని దర్జాగా చదువుకునేది. నాయనమ్మ ఇరుగుపొరుగుతో, "మా కోడలికి భక్తి ఎక్కువ, పుస్తకం వదలదు" అని మురిసిపోయేదిట. చెబుతూ అమ్మ నవ్వింది. కాసేపయ్యాక నవ్వు ఆపి, "ఆ నాలుగ్గంటలూ లేకపోతే నేనేమైపోయేదాన్నో" అంది.

మావాడు మళ్ళీ జిరాక్సు మాట ఎత్తలేదు.

నా అభిప్రాయం ఇప్పుడు సూటిగా చెబుతాను. ఆ పుస్తకం సంతలో పెడితే వందో రెండు వందలో వస్తాయి, అట్ట ఉండి ఉంటే ఎక్కువ వచ్చేది. ఆ లెక్క ఒప్పుకుంటాను. కానీ అట్ట ఉండి ఉంటే ఆ పుస్తకం మా ఇంట్లో బతికేదే కాదు. దాన్ని కాపాడింది ఆ బైండే. అట్ట లేకపోవడాన్ని సేకర్త లోపంగా చూస్తాడు. నాకు మాత్రం అది మా అమ్మ కొత్తకోడలి కాలం నుంచి మిగిలిన ఒకే ఒక సాక్ష్యం. ఆవిడ డైరీ రాయలేదు, ఉత్తరాలు దాచుకోలేదు. ఆ పుస్తకమే ఉంది.

అలాగని అన్నీ బైండు చేయించేయమని కూడా అనను. మావాడి దగ్గర నేర్చుకున్నవి, మా ఊరి బైండరుని అడిగి తెలుసుకున్నవి మీకూ చెబుతాను.

అసలు అట్టతో ఉన్న పాత పుస్తకాన్ని, అది ఎంత నలిగినా, ముట్టుకోకుండా అట్టపెట్టెలో పడుకోబెట్టి ఉంచండి. సెల్లోటేపు మాత్రం వేయకండి, అది కొన్నాళ్ళకి పసుపు మరకై కాగితాన్నే తినేస్తుంది. పేజీలు ఊడిపోయి చదవడానికి వీల్లేకుండా ఉంటేనే బైండరు దగ్గరికి పంపండి. పంపేటప్పుడు మూడు మాటలు గట్టిగా చెప్పండి. పాత అట్ట లోపలే కలిపి కుట్టాలి, ఒక్క పేజీ కూడా తీయకూడదు, అంచులు కోయకూడదు. ఫ్రాన్సులో కాగితపు అట్టలతో వచ్చే పుస్తకాలని బైండు చేయించుకునేవాళ్ళు ఆ కాగితం లోపల ఉంచే కుట్టించేవాళ్ళట, అలాంటి వాటిని సేకర్తలు ఈనాటికీ ఇష్టంగానే కొంటారు. జిగురుతో అతికించేయకుండా దారంతో కుట్టమనండి. పాతకాలం బైండర్లు మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్ళు పురుగు పట్టకుండా. అది విషం కదా, అందుకని పాత బైండులు తిరగేసే పిల్లల్ని వేలు నాలిక మీద తడుపుకోనివ్వకండి.

ఆఖరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది. పుస్తకం ఎవరిది, ఎప్పుడు కొన్నారు, ఎందుకు బైండు చేయించారు అన్నది ఒక కాగితం మీద పెన్సిలుతో రాసి అందులో పెట్టండి. ఇంట్లో ఉంచుకోలేకపోతే పాతపేపర్లవాడికి వేసే ముందు ఒక గ్రంథాలయాన్ని అడగండి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం లాంటి చోట్ల పాత పత్రికలు ఇన్నేళ్ళు నిలిచాయంటే, ఇలా ఎవరో దాచి అప్పగించబట్టే.

మేం చివరికి పంచుకున్నది ఇలా. అట్టలు బాగున్న నాలుగు నవలలు మావాడికి అమ్మే ఇచ్చింది, "జాగ్రత్తగా చూసుకుంటావు" అని. చందమామలు అన్నయ్య మనవలకి. సీరియల్ బైండులు వదినా నేనూ చెరిసగం. వ్రతకథలు మా అమ్మాయి అడిగి తీసుకుంది.

అరవై పుస్తకాల్లో ముప్ఫై ఒకటికి అమ్మ చెబుతుంటే కాగితాలు రాసి పెట్టాను. మిగతావాటి సంగతి ఆవిడకి సరిగ్గా గుర్తు రావడం లేదు. రెండేళ్ళ ముందు అడిగి ఉంటే గుర్తుండేవేమో. మీ అమ్మగారి పెట్టె ఇంకా మంచం కిందే ఉంటే, ఈ ఆదివారం ఆవిడ పక్కన కూర్చుని తెరవండి.