బావగారి పన్ను

మొన్న మా బావగారు కొత్త పన్ను కట్టించుకు వచ్చారు. జిర్కోనియాదట. “మన్నే గదా, ఇంత ఖరీదెందుకోయ్?” అని అడిగారు. తెలుగు పంతుల్ని, నేనేం చెప్పను? మా కాలేజీ రసాయనశాస్త్రం మేష్టారిని పట్టుకున్నాను.

ఉత్త జిర్కోనియాను కాల్చి చల్లారిస్తే, వెయ్యి డిగ్రీల ప్రాంతంలో లోపలి స్ఫటికాల అమరిక మారిపోతుందట. ఒళ్ళు నూటికి నాలుగైదు పాళ్ళు ఉబ్బి, పగిలి ఊరుకుంటుంది. అణువుల లెక్కన నూటికి మూడు పాళ్ళు ఇట్రియా కలిపితే ఆ మార్పు ఆగుతుంది. కలపడంలోనే ఉంది కిటుకు. పొళ్ళు ఎంత నూరినా గింజకూ గింజకూ తేడాయే. అందుకని రెంటినీ ద్రవంలోనే కలిపి, పాలు తోడుకున్నట్టు గడ్డకట్టించి, ఆరబెట్టి కాల్చే పద్ధతి ఒకటుంది. దాన్ని సోల్-జెల్ అంటారు.

చిత్రమేమంటే, పగులు పుట్టినచోట మాత్రం ఆగి ఉన్న స్ఫటికాలు మారి, ఉబ్బి, ఆ పగులునే నొక్కిపడతాయి! 1975లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు చెప్పిన సంగతి యిది.

తుంటి కీళ్ళకూ దీనితో గుండ్లు చేశారు. 1998లో ఒక తయారీదారు కొలిమి మార్చాడు. పాళ్ళు అవే. అయినా కొందరి ఒంట్లో గుండ్లు విరిగాయి. 2001లో సరుకు వెనక్కి తెప్పించారు.

బావగారు నాలుకతో పన్ను తడుముకున్నారు. “నాది ఏ కొలిమిదంటావ్?”