అదుపా? రక్షణా?

మనసు చెదిరిన మనిషి నడివీధిలో కేకలు వేస్తూ కనబడితే మనవారికి మొదట గుర్తుకు వచ్చేది పోలీసులే. మర్నాడు పత్రికలో వార్త కూడా ఒక మూసలోనే వస్తుంది: "మతిస్థిమితం లేని వ్యక్తిని పోలీసులు అదుపులోకి తీసుకున్నారు." తెలుగు చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక ఈ 'అదుపు' దగ్గర నా చదువు ఆగిపోతుంది. దొంగకూ అదే మాట, రోగికీ అదే మాట!

చట్టం ఆ మాట అనలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం, మానసిక వ్యాధితో తన్ను తాను చూసుకోలేక తిరుగుతున్న వ్యక్తిని, ఆ వ్యాధివల్ల తనకో ఇతరులకో ముప్పు తెచ్చేలా ఉన్న వ్యక్తిని ఠాణా అధికారి 'రక్షణ'లోకి తీసుకోవాలి. కారణం అతనికి చెప్పాలి. వీలైనంత త్వరగా, 24 గంటలు మించకుండా, సమీప ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. లాకప్పులో గాని జైలులో గాని ఉంచరాదు.

"కత్తి పట్టినవాని ముందుకు అంబులెన్సువారిని ఒంటరిగా పంపుతారా?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. వారివీ ప్రాణాలే. పోలీసు వద్దని నేననను. ముందు ఎవరు మాట్లాడాలన్నదే నా ప్రశ్న. పిచ్చికేకలన్నీ మనోవ్యాధి కాకపోవచ్చు. రక్తంలో చక్కెర పడిపోయినా, తలకు దెబ్బ తగిలినా, నిత్యం త్రాగేవాడు హఠాత్తుగా మద్యం మానినా మనిషి సంధి ప్రేలాపనలు పలుకుతాడు. ఆ తేడా లాఠీకి తెలియదు. వేలికొసన ఒక్క రక్తపుబొట్టు తీసి చూసేవానికి తెలుస్తుంది.

అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1987లో ఒక మానసిక రోగి పోలీసు కాల్పుల్లో మరణించాడు. మరుసటి ఏడే అక్కడ కొందరు పోలీసులకు ఇటువంటి సందర్భాల కోసం ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టారు. యూజీన్ నగరంలో 1989 నుండి ఒక వైద్య సహాయకుడు, ఒక సాంత్వన కార్యకర్త కలిసి వాహనంలో వెళ్ళేవారు. నిధులు చాలక 2025లో ఆ నగరంలో ఆ సేవ ఆగిపోయింది. సదుద్దేశం ఒక్కటే చాలదు, దానికి ఏటేటా పద్దు కూడా కావాలన్న పాఠం అందులో ఉంది.

మనకు సాధనాలు లేకపోలేదు. 108 సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే పుట్టింది. 112 ఉంది. 2022 అక్టోబరు నుండి 14416 'టెలి మానస్' ఉంది. ఈ మూటినీ ఒక్క త్రాటిపై నడపాలి. ఠాణా సిబ్బందికి, 108 సిబ్బందికి ఒకే గదిలో శిక్షణ ఇవ్వాలి. పిలుపు వస్తే ఇద్దరూ కలిసే వెళ్ళాలి. వీధి మొదట్లోనే సైరన్ ఆపాలి. వైద్య సహాయకుడు ముందుగా పలకరించాలి. పోలీసు నాలుగడుగుల వెనుక నిలబడాలి. ఈలోగా ఇంటివారికి ఫోనులో ధైర్యం చెప్పేవారుండాలి.

ఇది ఏదో పాలనాపరమైన చిన్న సర్దుబాటు కాదు. పోలీసులు వస్తే పదిమందిలో పరువు పోతుందనీ, బిడ్డను కొడతారనీ భయపడి, పిలవవలసిన గడియలో పిలవక, గదిలో పెట్టి గడియవేసుకునే తల్లిదండ్రులు ఎందరో! ఆ భయం తీరిననాడే వారు ఫోను అందుకుంటారు.

పత్రికలవారికి నా విన్నపం ఒక్కటే. రోగి విషయంలో ఇకనైనా 'రక్షణలోకి తీసుకున్నారు' అని వ్రాయండి. అలా వ్రాయగలిగేటట్లు నడుచుకోవడం పోలీసుల వంతు.